మేస్త్రీగారితో రాజోలు దాకా

గోదావరి దాటేవరకూ లిండెన్ గారు అసలెందుకు వస్తున్నారో నాకు చెప్పలేదు. "రాజోలు దగ్గర ఒక పాత స్నేహితురాలు ఉంది, చూసి రావాలి" అన్నారంతే. నేనూ గుచ్చి అడగలేదు. కోనసీమ చూడాలన్న సరదా నాకు చాలాకాలంగా ఉంది. ఖర్చు ఆయనది, చూసే కళ్లు నావి అనుకుని రైలెక్కాను.

లిండెన్ గారంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఐరోపాలో వందమంది దాకా కలిసి వాయించే పెద్ద వాద్యబృందాలు ఉంటాయి. వాళ్లందరికీ ఎదురుగా చిన్న దిమ్మ మీద నిలబడి, చేతిలో సన్నటి పుల్లతో, ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎక్కడ తగ్గాలో, ఎక్కడ హెచ్చాలో చూపించే ఆయన్ని కండక్టరు అంటారు. మన బస్సు కండక్టరుకీ ఆయనకీ సంబంధం లేదు. కథంతా పాటగానే నడిచే నాటకాలను అక్కడ ఆపెరాలంటారు. వాటికీ ఆయనే పెద్ద. లండన్, న్యూయార్కు, బ్యూనస్ ఎయిరీస్ పట్టణాల్లో లిండెన్ గారి పేరు గోడ మీద కనిపిస్తే టిక్కెట్లు దొరకవట.

ఆయన ఓడలో ఆస్ట్రేలియా వెళుతూ మధ్యలో మద్రాసులో దిగారు. సినిమా స్టూడియోల వాద్యకారులనూ, సరదాకు వాయించే దొరలనూ పోగుచేసి ఒక కచేరీ నడిపారు. అందులో నేను వెనక వరసలో వయొలిన్ వాయించాను. కచేరీ అయ్యాక గోదావరి జిల్లాకు తోడెవరొస్తారని ఆయన అడిగితే, నిర్వాహకులు నన్ను ముందుకు తోశారు. నేను నెల్లూరు వాణ్ణి. రాజమండ్రి దాటి ఎరగను. తెలుగువాడైతే చాలనుకున్నారు.

మనకు కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది చలికాలం అది.

జొన్నాడ రేవు

రాజమండ్రి నుంచి బస్సు జొన్నాడలో దింపింది. అక్కణ్ణించి పంటు మీద గౌతమి దాటాలి. పంటు అంటే రెండు పెద్ద పడవలను జతచేసి పైన బల్లలు పరిచిన వాహనం. మాతోపాటు రెండు ఎడ్లబళ్లు, ఒక గేదె, పెళ్లివారి సామాను, కొబ్బరి వ్యాపారం చేసే సత్తిరాజుగారనే ఆయన ఎక్కారు. సత్తిరాజుగారు లిండెన్ గారిని తలపాగా సవరించుకుని మరీ పరిశీలించి, నా వైపు తిరిగారు.

"దొరగారు ఏం చేస్తారండీ?"

"సంగీతం."

"ఏం వాయిస్తారండీ?"

"ఆయన ఏమీ వాయించరు."

"అయితే పాడతారన్నమాట."

"పాడరు కూడా."

సత్తిరాజుగారు ఎడ్ల వైపు చూస్తూ కాసేపు ఆలోచించారు. నేను చేతులు ఊపి చూపించి, వందమంది వాయిస్తుంటే ఎదురుగా నిలబడి ఈయన ఇలా నడిపిస్తారని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది.

"ఆయ్! మేస్త్రీగారన్నమాట! పని చేసేవాళ్లు వేరు, చేయించేవారు వేరు. అలా చెప్పండి మరి."

లిండెన్ గారు చటుక్కున ఇటు తిరిగారు. "ఈయనకు నేనెలా తెలుసు?" అని నన్నడిగారు. ఆయన దేశాల్లో కండక్టరును గౌరవంగా 'మాయెస్ట్రో' అని పిలుస్తారట. మా దగ్గర గోడలు కట్టించే పెద్దను మేస్త్రీ అంటామనీ, ఆ మాట ఎప్పుడో పోర్చుగీసు ఓడల్లో మా రేవులకు దిగిందని చెబుతారనీ వివరించాను. ఆయనకు అది మహా నచ్చింది. అక్కణ్ణించి ఎవరు పలకరించినా "నేను మేస్త్రీని" అని తెలుగులోనే చెప్పుకుంటూ వచ్చారు.

"గోడ తిన్నగా కట్టించకపోతే పడిపోద్ది కదండీ. ఈయన తిన్నగా చేయించకపోతే ఏం పడిపోద్దండీ?" అన్నారు సత్తిరాజుగారు.

నేను అనువదించాను. "నేనే పడిపోతానని చెప్పండి" అన్నారు లిండెన్ గారు.

కొత్తపేట, పలివెల

మా నెల్లూరులో టెంకాయ అంటే కొట్టుకు వెళ్లి కొనుక్కొచ్చేది. ఇక్కడ తల ఎత్తిన చోటల్లా అదే. మేం టెంకాయ అంటే నవ్వుతారు, కొబ్బరికాయ అనాలట. లేతదైతే బోండాం. అణా ఇస్తే ఒకటి కొట్టి ఇచ్చి, తాగాక దాన్ని రెండుగా చీల్చి, లోపలి లేత గుజ్జు తినడానికి ఆ బోండాం చెక్కతోనే చెంచా చేసి ఇస్తారు. లిండెన్ గారు ఆ చెంచాను కడుక్కుని జేబులో పెట్టుకున్నారు.

కొత్తపేట కాఫీ హోటలులో పెసరట్టు తిన్నాం. అల్లం, పచ్చిమిర్చి వేసిన పెసరట్టు నాకు కొత్త కాదు గాని, దాని కడుపులో ఉప్మా పెట్టి మడవడం నేనెరగను. హోటలు యజమాని దొరగారి మీద గౌరవంతో పూతరేకులు తెప్పించారు. లిండెన్ గారు ఒకటి చేతిలోకి తీసుకుని, పైనున్న కాగితం చిరగకుండా జాగ్రత్తగా ఒలవడం మొదలుపెట్టారు. ఎంత ఒలిచినా కాగితమే వస్తోంది. హోటలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది గాని ఒక్కరూ నవ్వలేదు. ఈ జిల్లా మర్యాద అలాంటిది. "ఆ కాగితమే తినాలండీ, అది బియ్యప్పిండి" అని నేను చెప్పాక ఆయనే మొదట నవ్వారు. అప్పుడు అందరూ నవ్వారు.

పలివెల గుడి దగ్గరలోనే. లిండెన్ గారిని లోపలికి రానివ్వరు కాబట్టి ఇద్దరం గోపురం బయటే నిలబడ్డాం. లోపల సన్నాయి మేళం జరుగుతోంది. ఆయన చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. తరవాత వృద్ధుడైన అర్చకులు బయటికి వచ్చి, ఎండలో నిలబడే మాకు స్థలపురాణం చెప్పారు. ఇక్కడి శివుడికి తల మీద కొప్పు ఉంటుంది. పూర్వం ఒక పూజారి స్వామి దండను తన ప్రియురాలి తలలో ముడిచి, అదే దండను రాజుగారికి ప్రసాదంగా పంపాడు. దండలో వెంట్రుక కనిపించి రాజు నిలదీశాడు. స్వామికే జుట్టుందని పూజారి బొంకాడు. తెల్లవారి రాజు వచ్చి చూసేసరికి లింగానికి నిజంగానే కొప్పు ఉంది.

"అబద్ధమాడిన పూజారిని దేవుడెందుకు కాపాడాడు?" అని లిండెన్ గారు అడిగారు.

"తనవాడు కదండీ" అన్నారు అర్చకులు.

అమలాపురం

ప్రయాణికుల బంగళాలో దిగాం. సాయంత్రం వరండాలో పడక కుర్చీల్లో కూర్చున్నప్పుడు లిండెన్ గారు తన సంగతి మొత్తం చెప్పారు. అడక్కుండానే.

తండ్రికి డాన్యూబు నది ఒడ్డున రొట్టెల దుకాణం ఉండేదట. కుర్రతనంలోనే ఆ ఊరి ఆపెరా భవనంలో పని దొరికింది. రంగస్థలం ముందు చిన్న గోతిలాంటి అరలో కూర్చుని, పాడేవాళ్లు మరిచిపోతే మాట అందించే పని. మన నాటకాల్లో తెర పక్కన నిలబడి చేసేదే. అలా ప్రతి ఆపెరా ఆయనకు కంఠతా వచ్చేసింది. ఒక సాయంత్రం ఆట మొదలయ్యే ముందు కండక్టరుకు కడుపునొప్పి వచ్చి ఆసుపత్రికి మోసుకుపోయారు. యాజమాన్యం దిక్కుతోచక ఈయన్ని గోతిలోంచి పైకి రమ్మంది.

"రెండో అంకం దాకా నా మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. అదృష్టం ఏమిటంటే వాద్యకారులు చేతుల్నే చూస్తారు" అన్నారు.

మర్నాడు పత్రికలన్నీ ఆయన పేరే రాశాయి. కొన్నేళ్లలో ఆ భవనానికి ఆయనే ప్రధాన కండక్టరు. ఇంతలో యూదులంటే గిట్టని ప్రభుత్వం వచ్చింది. ఆయన యూదుడు. ఒక సాయంత్రం ఆటకు వెళ్లేసరికి వాకిట్లో ఆట వివరాలు రాసే పలక మీద ఆయన పేరు కొట్టేసి వేరే పేరు రాసి ఉంది. ద్వారపాలకుడు లోపలికి పోనివ్వలేదు. తలుపు సందులోంచి చూస్తే వాద్యకారులంతా ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని శ్రుతి చేసుకుంటున్నారు. వాళ్లలో సగంమంది ఆయన ఇంట్లో భోజనం చేసినవాళ్లే. ఒక్కరూ లేవలేదు.

"ఒక్కరు లేచారు. క్లారా. ఆ రోజు ఆటలో ప్రధాన గాయని ఆవిడే. లిండెన్ లేకపోతే నేను పాడనని చెప్పి, వేషంలోనే వీధిలోకి నడిచి వెళ్లిపోయింది. మళ్లీ ఏ వేదికా ఆవిడకు దొరకలేదు."

ఆయన దేశం వదిలి వెళ్లి ప్రపంచ ప్రఖ్యాతులయ్యారు. క్లారా మరో దేశంలో నర్సు పని నేర్చుకుని, యుద్ధం అయ్యాక మిషన్ వాళ్లతో ఇక్కడికి వచ్చిందట. ఈ సంగతి ఆయనకు ఈమధ్యనే తెలిసింది. యుద్ధంలో కాలిపోయిన ఆ ఆపెరా భవనాన్ని ఇప్పుడు తిరిగి కడుతున్నారు. ప్రారంభం నాటి ఆట నడపమని ఆయన్నే పిలిచారు.

"నేను రెండు షరతులు పెట్టాను. ఆ సాయంత్రం కూర్చుని వాయించినవాళ్లు ఒక్కరూ ఆ భవనంలో ఉండకూడదు. క్లారా మాత్రం ఉండాలి. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదాని కోసం నేనిక్కడికి వచ్చాను. ఈ వారంలో జవాబివ్వాలి."

"మరి వాళ్ల ఉద్యోగాలు?" అన్నాను.

"పోతాయి" అన్నారు, దోమను తోలుకుంటూ. వెనక వరసలో వాయించేవాణ్ణి కాబట్టి నాకు ఆ మాట కాస్త గుచ్చుకుంది.

రాజోలు

బోడసకుర్రు దగ్గర మళ్లీ ఒక రేవు దాటి, అరటితోటల మధ్య బస్సులో రాజోలు చేరి, అక్కణ్ణించి కాలువగట్టున నడిచి మిషన్ ఆసుపత్రికి వెళ్లాం. పెంకుటింటి ఆసుపత్రి, చుట్టూ మందార చెట్లు. వరండాలో రోగులు బారుగా కూర్చున్నారు. మరియమ్మగారనే పెద్ద నర్సు మమ్మల్ని చూసి లోపలికి వెళ్లి వచ్చారు.

"క్లారమ్మగారు కట్లు కడుతున్నారండీ. వరస ప్రకారం కూర్చోమన్నారండీ."

ప్రపంచ ప్రఖ్యాత కండక్టరు బల్ల చివర కూర్చున్నారు. పక్కనున్న ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. "బాగానే ఉంది, ఊరికే చూడ్డానికి వచ్చాను" అన్నారాయన. "అలాక్కాదు బాబూ, అందరూ అలాగే అంటారు. సూది మందు పొడిపించుకో, నొప్పెట్టదు" అని ధైర్యం చెప్పిందావిడ.

వరస వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. క్లారమ్మగారు పొడగరి, జుట్టు పూర్తిగా నెరిసింది, తెల్ల నూలు చీర కట్టుకున్నారు. చేతులు తుడుచుకుంటూ నాతో "ఆయ్, రండి, రండి. ఎండలో వచ్చేరు, ముందు మజ్జిగ తాగండి" అన్నారు. నా తెలుగు కంటే ఆవిడ తెలుగే ఈ నేలకు దగ్గరగా ఉంది. తరవాత లిండెన్ గారి వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన తమ భాషలో ఏదో మొదలుపెట్టారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఆ భాషలో ఆ రోజుల మాట మాట్లాడలేను. ఇంగ్లీషులో మాట్లాడుకుందాం."

అందుకే నాకు అంతా అర్థమైంది. ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేదు. వాళ్ల చనువు చూసి నువ్వనే రాస్తున్నాను.

లిండెన్ గారు రెండు షరతులూ గర్వంగానే చెప్పారు. ఆవిడ మజ్జిగ గ్లాసు తిప్పుతూ విన్నారు.

"వయోలా వాయించే కుంటాయన ఉండేవాడు. బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"వాయిస్తున్నాడా?"

"ఇంకా కొన్నాళ్లే."

"పిల్లలు చాలామంది ఆయనకి." ఆవిడ గ్లాసు కింద పెట్టారు. అదే గొంతుతో అన్నారు: "చూడు, ఆ సాయంత్రం నేను నీ కోసం వెళ్లిపోలేదు."

లిండెన్ గారు నవ్వబోయి ఆగిపోయారు.

"అప్పటికే నా గొంతు పోయింది. కొన్నాళ్లుగా పై స్వరాలు పగిలిపోతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు వేదిక మీద నిలబడితే ఊరందరికీ తెలిసిపోయేది. పలక మీద నీ పేరు కొట్టేశారని విన్నాను. తప్పించుకోవడానికి అంతకంటే గౌరవమైన దారి దొరకదనిపించింది. అంతే."

"ఈ కథ నేను అన్ని దేశాల్లో చెప్పాను" అన్నారు లిండెన్ గారు. ముఖం పాలిపోయింది.

"తెలుసు. ఒక పత్రికలో వచ్చింది. పాదరీగారు మా నర్సులందరికీ చదివి వినిపించారు. నేను సిగ్గుతో వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను."

"నువ్వు ఒక్కదానివి లేచావన్న నమ్మకంతోనే ఇన్నేళ్లు..."

"ఎవరూ లేవలేదు. అందరం భయపడ్డాం. వాళ్లు కుర్చీల్లో కూర్చుని భయపడ్డారు, నేను వీధిలోకి నడిచి భయపడ్డాను. నన్ను అక్కడికి రమ్మనకు."

ఆయన లేచి, టోపీ కూడా తీసుకోకుండా కాలువగట్టుకు వెళ్లిపోయారు. నేనెటు వెళ్లాలో తోచక అక్కడే కూర్చున్నాను. "కోపం వచ్చిందండీ ఆయనకి. రానివ్వండి" అని క్లారమ్మగారు తెలుగులో అని, నా గ్లాసులో మళ్లీ మజ్జిగ పోశారు.

అంతలో కాలువలో పడవ ఒకటి వేగంగా వచ్చి ఆగింది. అవతలి లంకలో ఎవరికో కాన్పు కష్టంగా ఉందట. క్లారమ్మగారు సంచి అందుకుని, మరియమ్మగారిని పిలిచి, దాదాపు పరుగెత్తినట్టే రేవులోకి దిగారు. పడవ బురదలో ఇరుక్కుంది. లిండెన్ గారు బూట్లతోనే మోకాలి లోతు దిగి, భుజం ఆనించి తోశారు. అది కదిలాక, నీళ్లలో నిలబడే అడిగారు.

"ఇప్పుడెలా ఉంది నీ గొంతు?"

"ఇక్కడ ఎవరూ అడగలేదు" అన్నారావిడ. పడవ మలుపు తిరిగింది.

ఆ పూట పాదరీగారింట్లో ఉన్నాం. పనసపొట్టు కూర, ముక్కల పులుసు పెట్టారు. లిండెన్ గారు మెతుకు ముట్టలేదు. క్లారమ్మగారు పొద్దున్నకీ తిరిగి రాలేదు. తల్లీబిడ్డా క్షేమమని మాత్రం కబురు వచ్చింది. మేము బయల్దేరాం.

బోడసకుర్రు రేవు

పంటు కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. లిండెన్ గారు ఒక కొబ్బరి మొద్దు మీద కూర్చున్నారు.

"నమ్మారా ఆవిడ చెప్పింది?" అని హఠాత్తుగా అడిగారు.

"తెలియదండీ. మీరు?"

"ఆ సాయంత్రానికి ముందు వారమంతా రోజూ ఆవిడ గొంతు విన్నాను. పగిలినట్టు నాకు గుర్తు లేదు. కానీ గాయకులు దాచగలరు." నా వైపు తిరిగారు. "మీరు వయొలిన్ వాయిస్తారు. ఆ సాయంత్రం మీరు ఆ వరసలో ఉంటే ఏం చేసేవారు?"

మర్యాదకు వేరే జవాబు చెప్పవచ్చు. నోట్లోంచి నిజమే వచ్చింది. "కూర్చుని వాయించేవాణ్ణి. నాకు ముగ్గురు పిల్లలు."

కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఆవిడ చెప్పింది నిజమైతే, ఆ సాయంత్రం అక్కడ ధైర్యవంతులెవరూ లేరు. అబద్ధమైతే, ఆ కుంటాయన కోసం తన మంచి పేరును నా ముందే పారేసుకుంది" అన్నారు. "రెండింటికీ నేను చెయ్యాల్సింది ఒకటే అవుతోంది. అదే నాకు మింగుడు పడటం లేదు."

పంటు వచ్చింది. ఎక్కాం.

మళ్లీ అమలాపురం

బస్సు దిగగానే ఆయన తంతి ఆఫీసు ఎక్కడని అడిగారు. లోపల కళ్లజోడు గుమాస్తాగారు ఒక్కరే ఉన్నారు. లిండెన్ గారు ఆపెరా భవనం వాళ్లకు కాగితం మీద రెండు మాటలు రాసి ఇచ్చారు. గుమాస్తాగారు బయటికి చదివారు.

"వస్తున్నాను, ఒంటరిగా. ఇంతేనాండీ?"

"ఇంతే" అన్నాను నేను.

"చాలా దూరం కదండీ వెళ్లేది. ఇంకొన్ని మాటలు పెట్టుకోవచ్చండీ, ఛార్జీ అదే. ఊరికే వదులుకోవడం ఎందుకండీ?"

నేను అనువదించాను. లిండెన్ గారు కాగితం వెనక్కి తీసుకున్నారు. కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. మా వెనక ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి రాసి, కాగితాన్ని గుమాస్తాగారి వైపు జరిపి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.

గుమాస్తాగారు వేలితో మాటలు చూసుకుంటూ చదివారు.

"వస్తున్నాను, ఒంటరిగా. పాత వాద్యకారులను ఎవరినీ తీసెయ్యవద్దు."

ముద్ర వేశారు. "ఆయ్, ఇప్పుడు సరిపోయిందండీ" అన్నారు.